సాగస్ ఇనుప కర్మాగారం: జలశక్తి ఆనవాళ్ల పురావస్తు పరిశీలన

ప్రాచీన ఇనుప పరిశ్రమలో జలశక్తి వినియోగాన్ని నిరూపించడం పురావస్తు శాస్త్రానికి సులభసాధ్యం కాదు. శిథిలమైన కొలిమి అక్కడ ఇనుము కరిగిందని చెబుతుంది కాని, తిత్తులను ఆడించినది మనిషా, నీరా అన్నది చెప్పదు. కొయ్యతో చేసిన చక్రాలు, ఇరుసులు సాధారణంగా మట్టిలో నశించిపోతాయి. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో జరిగిన సాగస్ తవ్వకాలు ఈ సమస్యను అర్థం చేసుకోవడానికి చక్కని ఉదాహరణ.

సాగస్ నది ఒడ్డున 1646 ప్రాంతంలో రిచర్డ్ లీడర్ ఆధ్వర్యంలో ఈ కర్మాగారం ఏర్పడింది. చిత్తడినేలల్లో లభించే ఖనిజం, కట్టెబొగ్గు, ద్రవకారిగా గాబ్రో శిల ఇక్కడి ముడిపదార్థాలు. ఎగువన ఆనకట్టతో నిలిపిన నీరు కాలువల ద్వారా చక్రాలను తిప్పేది. వారాల తరబడి ఆరకుండా మండవలసిన బ్లాస్ట్ ఫర్నేస్‌కు ఎడతెగని గాలి అవసరం. అందుకే చక్రపు ఇరుసు రెండు పెద్ద తిత్తులను ఒకదాని తరువాత ఒకటిగా నొక్కే ఏర్పాటు చేశారు. అక్కడ తయారైన పోత ఇనుప దిమ్మెలను వేరొక శాలలో మళ్లీ కాచి, నీటి బలంతో లేచిపడే సమ్మెటతో సాగగొట్టి చేత ఇనుముగా మార్చేవారు. మూడవ శాలలో ఆ ఇనుమును మేకుల తయారీకి పనికివచ్చే చువ్వలుగా చీల్చేవారు. 1670 ప్రాంతానికి ఉత్పత్తి నిలిచిపోయింది.

1948-1953 మధ్య రోలండ్ రాబిన్స్ ఈ స్థలాన్ని తవ్వించాడు. సంస్థ లెక్కల పత్రాలు పరికరాల పేర్లను తెలిపాయి. వాటి స్థానాలను నేల తెలిపింది. సుమారు 225 కిలోల బరువున్న సమ్మెట తల బయటపడింది. నీటితో తడిసిన మట్టిలో గాలి సోకక, కొయ్య జలచక్రంలో ఒక భాగం నిలిచి ఉంది. కర్మాగారాన్ని నడిపిన నీరే దాని సాక్ష్యాన్నీ కాపాడిందన్నమాట.

1954లో ప్రజల సందర్శనకు తెరిచిన కట్టడాలు ఈ ఆధారాలపై నిర్మించిన పునర్నిర్మాణాలు. నేడు తిరిగే చక్రాలు కొత్తవి. నది ఒడ్డున ఉన్న ఇనుప చిట్టెం గుట్ట మాత్రం 17వ శతాబ్దానిదే. రాబిన్స్ తవ్వకాల నమోదులను పరిశీలించిన గ్రంథం 2010లో వెలువడింది. పునర్నిర్మాణంలో ఆధారం ఎక్కడ ముగిసి ఊహ ఎక్కడ మొదలైందో నిర్ణయించడానికి ఆ నమోదులే శరణ్యం. తవ్విన నేలను మళ్లీ తవ్వి చూడలేం కనుక, వస్తువుతో సమానంగా నమోదునూ భద్రపరచాలన్నది సాగస్ నేర్పే పాఠం.