తుప్పు వదలించుట: ఉక్కును చెరుపకుండుట

2009 అక్టోబరు తొలి దినములలో తుంగభద్రకు వచ్చిన వరద మంత్రాలయమును ముంచివేసినది. ఇండ్లు, దుకాణములు, వాహనములు నీటిపాలైనవి. నీరు తీసిన పిమ్మట బట్టలను ఎండవేయవచ్చును, బురదను ఎత్తిపోయవచ్చును. ఇనుమునకు మాత్రము అసలు చేటు అప్పుడే ఆరంభమగును. పూర్తిగా మునిగియున్నంతసేపు దానికి ఆమ్లజని కొద్దిగానే అందును. తడి బురద అంటుకొని, పైన గాలి తగులుచున్నప్పుడు నీరు, ఆమ్లజని రెండును సమృద్ధిగా లభించును. తుప్పునకు అంతకన్న అనుకూలమైన స్థితి అరుదు.

మంత్రాలయము, ఎమ్మిగనూరు, ఆదోని వానలు తక్కువగా కురియు సీమలోనివి. గాలిలోని తేమ నూటికి 60 పాళ్లకు లోబడియున్నంత కాలము శుభ్రమైన ఇనుము అంతగా తుప్పు పట్టదు. అందుచేత వేసవిలో పానాను నూనె పూయక బల్లమీద పడవేసినను చెల్లిపోవును. ఆ అలవాటే వానకాలములో చెరుపు చేయును.

అల్యూమినియముపై ఏర్పడు పొర లోహమును గట్టిగా అంటిపెట్టుకొని లోపలికి గాలిని చొరనీయదు. ఇనుప తుప్పు అట్టిది కాదు. అది గుల్లగానుండి తేమను పీల్చుకొని, తన క్రింది ఇనుమును మరింత తినివేయును. పైగా తాను పుట్టిన ఇనుముకన్న రెండింతలకు మించిన చోటును ఆక్రమించును. పాత లారీ చక్రపు నట్టు కదలక మొరాయించుటకు ఇదే కారణము. మరచుట్ల సందులలో ఉబ్బిన తుప్పు దానిని బిగించివేసినది. పానాకు పొడవాటి గొట్టము తగిలించి బలవంతముగా త్రిప్పినచో బోల్టు తెగును. పలుచని నూనె పోసి, ఒక రాత్రి నాననిచ్చి, సుత్తితో నాలుగువైపుల మెల్లగా తట్టి, ఆపై త్రిప్పుట మేలు.

పైపై తుప్పునకు ఇనుపతీగల బ్రష్షు, గరుకు కాగితము చాలును. కంటికి అద్దములు, ముక్కునకు అడ్డు అవసరము. విద్యుత్తుతో తిరుగు సానరాయి పనిని త్వరగా ముగించునుగాని నిప్పురవ్వలు రాల్చును. ఆదోని పత్తి వ్యాపారమునకు పేరుపడిన ఊరు. జిన్నింగు మిల్లులో దూదినుసి గోడలపైన, యంత్రములపైన పేరుకొనియుండును. అచ్చట తుప్పు పట్టిన భాగమును ఊడదీసి, బయటికి తెచ్చి, దూదికి దూరముగా సానపట్టవలెను. ఒక్క రవ్వ పత్తిబేలులో చేరినచో పైకి కనబడక గంటల తరబడి రాజుకొని, తరువాత మంటగా లేచుట కలదు.

ఇక ఆమ్లముల సంగతి. చింతపండుతో ఇత్తడి బిందెలు తోము ఇల్లాండ్రకు వాటి గుణము తెలియనిది కాదు. చింతపండులోని టార్టారికామ్లము, నిమ్మలోని సిట్రికామ్లము తుప్పును మెల్లగా కరగించును. పానాలు, పటకారులు మొదలగువానిని పలుచని సిట్రికామ్ల ద్రావణములో కొన్ని గంటలుంచి, మధ్యమధ్య తీసి తోముచుండవలెను. మరచిపోయి రెండు దినములు వదలినచో తుప్పు అయిపోయిన పిదప ఆమ్లము ఇనుమునే తినును. తొందరపడువారు పాయిఖానాలు కడుగుటకు అమ్ము ఉదహరికామ్లమును వాడుదురు. దాని పొగ ఊపిరితిత్తులకు హాని. అదే గదిలోని ఇతర పనిముట్లకును తుప్పు పట్టించును. బ్లీచింగు పౌడరుతో కలిసినచో విషవాయువైన క్లోరిన్ వెలువడును.

అన్నిటికన్న మోసకరమైన అపాయము కంటికి కనబడదు. ఆమ్లము ఇనుమును తాకినప్పుడు ఉదజని పుట్టును. అందు కొంత పరమాణురూపమున ఉక్కులోనికే చొచ్చుకొనిపోవును. మెత్తని ఇనుము దీనిని సహించును. గట్టిపరచిన ఉక్కుతో చేసిన స్ప్రింగులు, కమాను కట్టలు, అధికబలము గల బోల్టులు సహింపలేవు, పెళుసుబారును. పైకి అద్దమువలె మెరయుచునే, బిగించి భారము మోపిన కొన్ని గంటలకో దినములకో హఠాత్తుగా విరుగును. తుప్పుతో వికారముగా నున్న స్ప్రింగుకన్న ఇట్లు మెరయు స్ప్రింగు యాత్రికుల బస్సునకు ఎక్కువ ప్రమాదము. కర్మాగారములలో ఆమ్లము తగిలిన అట్టి భాగములను వెంటనే సుమారు 200 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో గంటల తరబడి ఉంచి ఉదజనిని వెళ్లగొట్టుదురు. రోడ్డుప్రక్క షెడ్డులో అట్టి వసతి యుండదు. కనుక స్ప్రింగును ఆమ్లములో వేయకుండుటయే తెలివి.

విద్యుద్విశ్లేషణము మరియొక మార్గము. ప్లాస్టిక్ తొట్టిలోని నీటికి లీటరుకు సుమారు ఒక చెంచా చొప్పున చాకలిసోడా కలుపుదురు. తుప్పు పట్టిన వస్తువును 12 వోల్టుల బ్యాటరీ చార్జరు యొక్క ఋణధ్రువమునకు, పనికిమాలిన ఇనుపరేకును ధనధ్రువమునకు తగిలించి, ఒకదానినొకటి తాకకుండ వ్రేలాడదీయుదురు. తుప్పు వదులై రాలును. మంచి ఇనుము అరగదు. ధ్రువములు తారుమారైనచో బాగుచేయవలసిన వస్తువే కరగును! రేకునకు బదులు స్టెయిన్‌లెస్ స్టీలు పళ్లెము వాడరాదు. దానిలోని క్రోమియము విషలవణముగా నీటిలో కలియును. ఇచ్చటను ఉదజని వెలువడును కావున పని ఆరుబయటనే జరుగవలెను, దగ్గర బీడీ వెలిగింపరాదు, మీట ఆపిన పిమ్మటనే క్లిప్పులు తీయవలెను. ఆ ఉదజని వస్తువువద్దనే పుట్టును. కాబట్టి స్ప్రింగులకు ఇదియు తగదు. అల్యూమినియము భాగములను సోడాయే తినును.

తుప్పును తీయక మార్చివేయు పద్ధతియు గలదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు ఇనుపముక్కలను బెల్లపు నీటిలో పులియబెట్టి, ఆ ద్రవముతో కరక్కాయ పట్టించిన బట్టపై నల్లని గీతలు గీయుదురు. కరక్కాయలోని టానిన్ ఇనుముతో కలిసి నల్లబడును. తుప్పును మార్చు ద్రవములు కొన్నింటికి ఇదే సూత్రము. మరికొన్నింటిలోని ఫాస్ఫారికామ్లము తుప్పును ఫాస్ఫేటు పొరగా మార్చును. సుమారు 1600 సంవత్సరములుగా నిలిచియున్న ఢిల్లీ ఇనుపస్తంభముపై గూడ ఫాస్ఫేటు గల సన్నని పొర కలదని కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యుడు ఆర్. బాలసుబ్రహ్మణ్యం పరిశోధనలు తెలిపినవి. ఆ ఇనుములో భాస్వరము హెచ్చు. నేటి లారీ ఉక్కులో అది బహు స్వల్పము. అందుచే ద్రవము పూసిన చోట రంగుకూడ వేయవలెను.

బ్రేకు ద్రవము పారు ఉక్కుగొట్టముపై తుప్పు గుంటలు పడినచో శుభ్రము చేయుట కాదు, మార్చవలెను. ఖాళీ పెట్రోలు ట్యాంకులోను ఆవిరి నిలిచియుండును. దానివద్ద రవ్వలు రాల్చు పని కూడదు. శుభ్రపరచిన పనిముట్టును కడిగి తత్‌క్షణమే ఆరబెట్టనిచో నిమిషములలో మరల ఎఱ్ఱబారును. ఎండలో వేడెక్కనిచ్చి పలుచగా యంత్రపునూనె పూయవలెను. వేరుసెనగనూనె చేతికందునదే యైనను పనికిరాదు. అది కొన్నాళ్లకు బంకగామారి దుమ్మును పట్టును.