బలమైన అయస్కాంత క్షేత్రంలో అతివాహక తీగ పరీక్ష

1911లో కామర్లింగ్ ఆన్స్ 4.2 కెల్విన్‌ల దగ్గర పాదరసం విద్యుత్ నిరోధం మాయమవడాన్ని గమనించాడు. నిరోధం లేని తీగను చుట్టగా చుడితే ఎంత బలమైన అయస్కాంతాన్నైనా తయారుచేయవచ్చని ఆశించాడు. కాని సీసం 0.1 టెస్లా కంటే తక్కువ క్షేత్రంలోనే అతివాహకత్వాన్ని కోల్పోయింది. ఆ ఆశ నెరవేరే దారి 1961లో కనిపించింది. బెల్ ప్రయోగశాలలో కుంజ్లర్ బృందం నియోబియం-తగరం సమ్మేళనాన్ని 8.8 టెస్లా క్షేత్రంలో ఉంచి, అది చదరపు సెంటీమీటరుకు సుమారు 1,00,000 ఆంపియర్లను మోయగలదని చూపింది.

దీన్నిబట్టి సందిగ్ధ ఉష్ణోగ్రత ఒక్కటే తెలిస్తే చాలదని గ్రహించాలి. ఉష్ణోగ్రత, క్షేత్రం, విద్యుత్ ప్రవాహం మూడూ కలిసి అతివాహకత్వానికి హద్దు గీస్తాయి. ఒకటి పెరిగితే మిగిలినవాటి హద్దు తగ్గుతుంది. అందుకే తీగను అది పనిచేయబోయే క్షేత్రంలోనే పరీక్షించాలి. అయస్కాంతంలో ఒక చిన్న భాగం అతివాహకత్వం కోల్పోయినా అక్కడ వేడి పుట్టి చుట్టంతా పాకుతుంది. ద్రవ హీలియం ఒక్కసారిగా ఆవిరవుతుంది. దీన్నే క్వెంచ్ అంటారు. చుట్టిన తరువాత లోపలి తీగను మార్చడం దాదాపు అసాధ్యం.

పరీక్షా విధానం

నమూనా తీగను గాడులున్న స్తూపంపై చుట్టి, ద్రవ హీలియంలో మునిగిన అతివాహక అయస్కాంతం మధ్య రంధ్రంలోకి దించుతారు. రెండు తీగల ద్వారా విద్యుత్తును పంపి, వేరే రెండు తీగలతో వోల్టేజిని కొలుస్తారు. వోల్టేజి తీగలలో ప్రవాహం దాదాపు ఉండదు కాబట్టి అతుకుల నిరోధం కొలతలో చేరదు. క్షేత్రాన్ని స్థిరంగా ఉంచి ప్రవాహాన్ని మెల్లగా పెంచుతారు. సెంటీమీటరుకు 1 మైక్రోవోల్టు కనిపించిన ప్రవాహాన్ని సందిగ్ధ ప్రవాహంగా తీసుకోవడం ఒక వాడుక. వేర్వేరు క్షేత్రాలలో ఇదే కొలతను మళ్ళీ చేస్తే పూర్తి వక్రం లభిస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 10 టెస్లా క్షేత్రానికి లంబంగా 100 ఆంపియర్లు మోసే తీగపై మీటరుకు 1000 న్యూటన్‌ల బలం పనిచేస్తుంది. ఇది సుమారు 100 కిలోగ్రాముల బరువుతో సమానం. తీగ కొద్దిగా జరిగినా రాపిడి వల్ల వేడి పుడుతుంది. 4.2 కెల్విన్‌ల వద్ద లోహాల విశిష్టోష్ణం చాలా తక్కువ కనుక ఆ కొద్ది వేడికే ఉష్ణోగ్రత పెరిగి, తీగ ముందుగానే అతివాహకత్వం కోల్పోతుంది. అప్పుడు మంచి తీగ కూడా పనికిరానిదిగా కనిపిస్తుంది. అందువల్ల బలం తీగను స్తూపం వైపు నొక్కేలా ప్రవాహ దిశను ఎంచుకుంటారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

వోల్టేజి అతుకుల మధ్య దూరం 5 సెంటీమీటర్లు, సందిగ్ధ ప్రవాహం 100 ఆంపియర్లు. ఆ క్షణంలో ఆ భాగం నిరోధమెంత?

జవాబు: వోల్టేజి 5 మైక్రోవోల్టులు, నిరోధం 5 × 10⁻⁸ ఓమ్‌లు.