కొరత వేరు, తప్పు వేరు

అలిపిరి నుంచి కాలినడకన తిరుమలకు వెళ్ళే భక్తులకు మోకాళ్ళమెట్టు తెలియనిది కాదు. మూడువేల అయిదువందలకు పైగా మెట్లున్న ఆ దారిలో ఎంతటి బలశాలికైనా అక్కడ ఆయాసం తప్పదు. బాలుడైన అన్నమయ్య అక్కడనే ఆకలితో సొమ్మసిల్లగా, అలమేలుమంగ కనిపించి ప్రసాదం తినిపించినదని ఐతిహ్యం. కొండకు ఇంకా కొంత దూరముండగా ఆగిపోయిన ఆ పిల్లవానిని ఇంగ్లీషులో ఏమనవలె? 'ఫెయిల్' అయినాడనవలెనా, 'ఫెల్ షార్ట్' అనవలెనా? ఈ రెంటికీ గల భేదమే నేటి ప్రసంగ విషయం.

'షార్ట్' అన్నది కొలతకు సంబంధించిన మాట. ఉండవలసినంత లేదని మాత్రమే అది చెబుతుంది. కల్యాణానికి ధనం చాలక శ్రీనివాసుడు కుబేరుని వద్ద అప్పు చేసినాడని కథ. ఆ స్థితి 'షార్ట్ ఆఫ్ మనీ'. వాయిదా మీరి అప్పు చెల్లించకపోతే అది 'డిఫాల్ట్'. వడ్డికాసులవాడు నేటికీ వడ్డీ కడుతూనే ఉన్నాడని భక్తుల విశ్వాసం గనుక ఆ రెండవ మాట ఆయనకు వర్తించదు!

'ల్యాక్' అంటే లేమి. ఇది క్రియగా వచ్చినప్పుడు దాని వెంట 'ఆఫ్' రాదు: 'హి ల్యాక్స్ పేషెన్స్', అతనికి ఓర్పు లేదు. నామవాచకమైనప్పుడు మాత్రం 'ల్యాక్ ఆఫ్ పేషెన్స్' అనవలె. మన విద్యార్థులు తరచు పొరబడే చోటు ఇది. 'వాంట్' అన్న మాటకు కూడ మొదటి అర్థం లేకపోవడమే. కోరుకోవడమన్న అర్థం తరువాత వచ్చినది. లేమి నుంచే కోరిక పుట్టునన్న సంగతి, మొక్కుకొని కొండ ఎక్కేవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇక 'ఫెయిల్'. మోసగించుట అనే అర్థం గల లాటిన్ క్రియ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చినదిది. 'ఫాల్ట్', 'డిఫాల్ట్' దీని చుట్టములే. అయినను వాడుకలో దీనికి నింద అన్నిచోట్లా అంటదు. 1876-78 నాటి మహాక్షామంలో రాయలసీమ అల్లాడినప్పటి వానల సంగతి ఇంగ్లీషులో చెప్పవలెనంటే 'ది రెయిన్స్ ఫెయిల్డ్' అంటారు. ఆశించినది జరగలేదని దాని భావం. ముసలితనంలో చూపు మందగించినా 'ఫెయిల్' అనే అంటారు. అందులో మేఘానిది గాని, కంటిది గాని నేరమేమున్నది?

పరీక్షల విషయంలో ఇంగ్లీషువారు 'ఫెయిల్డ్ ది ఎగ్జామినేషన్' అంటారు. 'పరీక్షలో' అన్న మన విభక్తి వెంటబెట్టుకొని మనం నడుమ 'ఇన్' చేరుస్తాము. ఇది చిన్న పొరపాటు. పెద్ద పొరపాటు మరొకటి ఉన్నది.

తెలుగులో 'పరీక్ష తప్పినాడు' అంటాము. 'గురి తప్పినది', 'దారి తప్పినాడు' అన్నట్లే అదీ క్రియ. కాని 'తప్పు' నామవాచకమైతే నేరమవుతుంది. ఇంగ్లీషులోనూ ఇంతే. 'ఫెయిల్డ్' అన్న క్రియ ఒకనాటి పనిని గూర్చి చెబుతుంది; 'ఫెయిల్యూర్' అని మనిషికే పేరు పెడితే అది అతని బ్రతుకునంతటినీ పట్టుకుంటుంది. ఫలితాలు వెలువడిన నాడు ఇంటిలో పెద్దలు కోపంలో అనే ఆ ఒక్క మాటను భరించలేని పసిమనసులు ఉంటాయి. ముప్పది అయిదు మార్కులు రావలసిన చోట ముప్పది వస్తే, కొరత అయిదు మార్కులు. దానిని తీర్చుకొనేందుకు మరొక పరీక్ష ఉన్నది. 'షార్ట్' అన్న మాట చాలిన చోట 'ఫెయిల్యూర్' అన్న మాట ఎందుకు?

మోకాళ్ళమెట్టున ఆగిన బాలుడు సేదతీరి కొండ ఎక్కినాడు. 1503 వరకు జీవించి వేల సంకీర్తనలు రచించినాడు, అవి రాగిరేకులకెక్కినవి. ఆనాడు అతనికి కావలసి వచ్చినది పిడికెడు అన్నం, ఒక చల్లని మాట.