ఈ చోటు మంచిదేనా?

కొత్త ఇల్లు కట్టాలంటే ముందు ఏం చూస్తాం? నేల గట్టిదా, మెత్తదా అని చూస్తాం. నుయ్యి ఎంత దూరమో చూస్తాం. వాన పడితే నీళ్లు ఏ వైపు పారతాయో చూస్తాం. ఇరుగుపొరుగు ఎవరో అడుగుతాం. బండి వచ్చే దారి ఉందో లేదో కనుక్కుంటాం. ఇల్లు ఒకసారి కట్టాక ఎత్తి వేరే చోట పెట్టలేం కదా!

చిన్న ఇంటికే ఇంత ఆలోచన. మరి అణు విద్యుత్ కేంద్రం కట్టాలంటే ఎంత ఆలోచించాలి?

కొవ్వాడ కథ

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలో కొవ్వాడ ఉంది. సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. అక్కడ చాలామందికి చేపల వేటే బతుకు. మగవాళ్లు వేటకి వెళతారు. ఆడవాళ్లు చేపలు ఎండబెడతారు, గంపలతో అమ్ముకొస్తారు.

2009లో కేంద్ర ప్రభుత్వం ఇక్కడ అణు విద్యుత్ కేంద్రం పెట్టడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. అంటే మొదటి మాటగా 'సరే' అంది. పని మొదలుపెట్టమని కాదు. ఆ తరువాత ఎన్నో పరీక్షలు, ఎన్నో అనుమతులు ఉంటాయి.

అమెరికా సాయంతో ఇక్కడ ఆరు రియాక్టర్లు పెట్టాలని ఆలోచన. ఒక్కొక్కటి 1208 మెగావాట్లది. రెండు వేల ఎకరాలకు పైగా భూమి కావాలన్నారు. కొవ్వాడతో పాటు రామచంద్రపురం, గూడెం, కోటపాలెం వంటి ఊళ్ల వాళ్లు కూడా కదలాల్సి వస్తుంది. వేట పోతుందని మత్స్యకారులు నిరసన తెలిపారు. 2017లో అమెరికా కంపెనీ వెస్టింగ్‌హౌస్ దివాలా తీసింది. 2024 నాటికి కూడా రియాక్టర్ల నిర్మాణం మొదలు కాలేదు.

రియాక్టరు అంటే ఏమిటి?

రియాక్టరు ఒక పెద్ద కొలిమి లాంటిది. కానీ అందులో బొగ్గు మండదు, పొగ రాదు. యురేనియం అనే లోహంలోని అణువులు పగులుతాయి. అప్పుడు చాలా వేడి పుడుతుంది. ఆ వేడికి నీరు ఆవిరి అవుతుంది. ఆవిరి చక్రాన్ని తిప్పుతుంది. కరెంటు పుడుతుంది.

ఇందులో రెండు చిక్కులున్నాయి. ఒకటి, కొలిమిని ఆపినా లోపలి వేడి వెంటనే చల్లారదు. నీరు పోస్తూనే ఉండాలి. రెండు, వాడేసిన ఇంధనం నుంచి కంటికి కనబడని కిరణాలు వస్తాయి. అవి ఎక్కువగా తగిలితే ఒంటికి హాని. ఆ ఇంధనాన్ని వేల ఏళ్లు భద్రంగా దాచాలి. అందుకే చోటు చూడడం అంత ముఖ్యం.

నేలను ఏం అడుగుతారు?

నేలలో లోతుగా బోర్లు వేస్తారు. కింద రాయి ఉందా, ఇసుక ఉందా అని చూస్తారు. భూమి లోపల కదిలే పగులు ఉందేమో వెతుకుతారు. అలాంటి పగులు 5 కిలోమీటర్ల లోపల ఉంటే ఆ చోటు పనికిరాదు. మన దేశంలో ఈ నియమాలు పెట్టేది అణుశక్తి నియంత్రణ మండలి.

సముద్రాన్ని ఏం అడుగుతారు?

రియాక్టరు చల్లబడడానికి చాలా నీరు కావాలి. అందుకే సముద్రం పక్కన చోటు వెతుకుతారు. కానీ నీరిచ్చే సముద్రమే ఒక్కోసారి మీదకి వస్తుంది.

మనకి ఆ సంగతి తెలుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు కూలిపోయాయి. కరెంటు స్తంభాలు పడిపోయాయి. మరి రియాక్టరు దగ్గర కరెంటు పోతే నీరు తోడేదెలా?

జపానులో సరిగ్గా అదే జరిగింది. 2011 మార్చి 11న పెద్ద భూకంపం వచ్చింది. వెనకే సునామీ వచ్చింది. ఫుకుషిమా కేంద్రంలోకి నీళ్లు చొరబడ్డాయి. కరెంటు పోయింది, జనరేటర్లు మునిగాయి. కొలిములు చల్లబడలేదు. లక్షన్నర మందికి పైగా ఇళ్లు వదిలి పోవాల్సి వచ్చింది. అలలు ఎంత ఎత్తు రావచ్చో అక్కడ ముందు వేసిన లెక్క చాలలేదు.

తమిళనాడులోని కల్పాక్కంలో కూడా 2004 డిసెంబరు 26న సునామీ నీరు పంపుల గదిలోకి వచ్చింది. అక్కడ రియాక్టరును క్షేమంగా ఆపగలిగారు.

చేపల సంగతి కూడా ఉంది. కేంద్రం నుంచి తిరిగి సముద్రంలోకి వదిలే నీరు వెచ్చగా ఉంటుంది. దాని వల్ల చేపలు, రొయ్యలు ఏమవుతాయో ముందే చూడాలి.

గాలిని, గింజను, పాలను ఏం అడుగుతారు?

గాలి ఏ నెలలో ఏ వైపు వీస్తుందో కొలుస్తారు. కేంద్రం నడవక ముందే చుట్టుపక్కల నీరు, మట్టి, పాలు, చేపలు, ధాన్యం తెచ్చి పరీక్షిస్తారు. ఎందుకు? మన తీరపు ఇసుకలో కొన్నిచోట్ల మోనజైట్ అనే ఖనిజం ఉంది. దాని నుంచి సహజంగానే కొంచెం కిరణాలు వస్తాయి. ముందు ఎంత ఉందో రాసి పెట్టుకుంటేనే తరువాత పెరిగిందో లేదో తెలుస్తుంది.

మనుషుల్ని ఏం అడుగుతారు?

రియాక్టరు చుట్టూ కనీసం 1 కిలోమీటరు దూరం వరకు ఎవరూ కాపురం ఉండకూడదు. 16 కిలోమీటర్ల వరకు, ప్రమాదం వస్తే జనాన్ని ఎలా తరలించాలో ముందే పథకం వేయాలి. దారులున్నాయా? బడులు, ఆసుపత్రులు ఎక్కడ? ముసలివాళ్లు, పసిపిల్లలు ఎంతమంది? ఇవన్నీ లెక్క రాయాలి.

సూర్యుడి లాంటి కొలిమికీ ఇవే ప్రశ్నలు

అణువును పగలగొట్టకుండా, చిన్న అణువుల్ని కలిపి కూడా వేడి పుట్టించవచ్చు. సూర్యుడిలో జరిగేది అదే. దీన్ని నేల మీద చేసి చూడడానికి ఫ్రాన్సులోని కడరాష్‌లో ఒక ప్రయోగ రియాక్టరు కడుతున్నారు. దాని పేరు ఈటర్. అందులో మన దేశమూ ఉంది.

దానికి చోటు కోసం కెనడా, స్పెయిన్, జపాన్, ఫ్రాన్సు పోటీ పడ్డాయి. 2005 జూన్ 28న కడరాష్ ఖాయమైంది. అక్కడా నేల, నీరు, దారి అన్నీ చూశారు. భూకంపం వచ్చినా తట్టుకోవాలని కట్టడం కింద 493 దిమ్మెలు, వాటి మీద రబ్బరు మెత్తలు పెట్టారు. బరువైన సామాన్లు రావడానికి 104 కిలోమీటర్ల దారి బాగు చేశారు. 2006లో ఆ చుట్టుపక్కల జనంతో బహిరంగ చర్చలు జరిపారు. ఎంత కొత్త యంత్రమైనా చోటును, జనాన్ని అడగక తప్పదు.

చదువు ఇక్కడ పనికొస్తుంది

ఇలాంటి కేంద్రం పెట్టే ముందు ప్రజాభిప్రాయ సేకరణ సభ జరపాలి. 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన వేయాలి. నివేదిక సారాంశం తెలుగులో ఇవ్వాలి. సభలో ఎవరైనా ప్రశ్న అడగవచ్చు. కాగితం మీద రాసి కూడా ఇవ్వవచ్చు. చివర, సభలో ఏం రాసుకున్నారో తెలుగులో చదివి వినిపించాలి. ఒక్క మాట గుర్తుంచుకోండి. ఇంతమంది రావాలనే నియమం లేదు. మనం వెళ్లకపోయినా సభ జరిగిపోతుంది.

2013 భూసేకరణ చట్టం ఇంకో మాట చెప్పింది. భూమి ఉన్నవాళ్లే నష్టపోయినవాళ్లు కాదు. మూడేళ్లుగా అక్కడ పని చేసుకుని బతుకుతున్న కూలీలు, కౌలు రైతులు, చేపలు పట్టి బతికేవాళ్లు కూడా లెక్కలోకి వస్తారు. భర్త పోయిన, విడాకులు పొందిన, భర్త వదిలేసిన ఆడవాళ్లను వేరే కుటుంబంగా రాయాలి.

సర్వే వాళ్లు ఇంటికి వస్తే ఏం రాశారో చదవండి. మీ పేరు ఉందా? వయసు సరిగ్గా ఉందా? 'పని' అన్న చోట 'ఏమీ లేదు' అని రాశారా? చేపలు అమ్మడం పని కాదా? నాట్లు వేయడం పని కాదా? చదవకుండా వేలిముద్ర వేయకండి. చదివి, అడిగి, సరిచేయించి, అప్పుడు సంతకం పెట్టండి.

కరెంటు అందరికీ కావాలి. చోటు మంచిదో కాదో తేల్చడానికి నేలను, నీటిని, గాలిని పరీక్షించే నిపుణులు ఉన్నారు. ఆ చోట బతుకు ఎలా ఉందో చెప్పగలిగేది మాత్రం అక్కడ బతికేవాళ్లే.

కొత్త మాటలు

సూత్రప్రాయం – మొదటి మాటగా ఒప్పుకోవడం
సారాంశం – పెద్ద విషయాన్ని చిన్నగా చెప్పడం
ప్రజాభిప్రాయ సేకరణ – జనం ఏమనుకుంటున్నారో అడిగి తెలుసుకోవడం

చెప్పండి చూద్దాం

1. రియాక్టరును సముద్రం పక్కన ఎందుకు పెడతారు? దానివల్ల వచ్చే చిక్కు ఏమిటి?
2. భూమి లేని వాళ్లు కూడా నష్టపోయినవాళ్ల లెక్కలోకి ఎలా వస్తారు?
3. మీ ఊళ్లో సర్వే జరిగితే 'పని' అన్న చోట మీరు ఏమని రాయిస్తారు? మీ పలక మీద రాయండి.