కాకిని కొట్టక తొలఁగించుట

2023వ సంవత్సరము వైశాఖమాసమున నొకనాఁటి యుదయమున, ఆఱేండ్లవాఁడైన మా చిన్నవాఁడు పెరటి నూతికడకుఁ బోయి, యేడ్చుచు లోనికిఁ బరుగెత్తుకొని వచ్చెను. చూడఁగా నడినెత్తిని గాయమై నెత్తురు కాఱుచుండెను. వాఁడు నోరు విప్పకమునుపే వేఁపచెట్టుమీఁది కాకుల యఱపులు మాకు సంగతి తెలిపినవి. గాయమును సబ్బుతో బాగుగా కడిగి, వైద్యునికడకుఁ గొనిపోయి ధనుర్వాతము రాకుండ సూది వేయించితిమి. పక్షులవలన పిచ్చికుక్కకాటు జబ్బు రాదని ఆయన చెప్పినపిమ్మట గాని మాకు గుండె కుదుటఁబడలేదు. ఈ మాట తల్లులందఱు నెఱిఁగియుండఁదగినది.

గాయము నాలుగుదినములలో మానినది గాని, యింటిలో రేఁగిన వివాదము మానలేదు. మావారి శిష్యులు వెదురుగడతో వచ్చి గూడు పడఁగొట్టెదమనిరి. ప్రక్కయింటి పెద్దాయన, వడలో ఎలుకలమందు పెట్టి గోడపై నుంచినచో ఒక్కపూటలో పీడ విరగడయగునని సలహా యిచ్చెను. ఈ రెండు మాటలును విని మా అత్తగారు చెవులు మూసికొనిరి. 2019లో మామగారు కాలముచేసినది మొదలు ఆమె ప్రతిదినము తాము భోజనమునకుఁ గూర్చుండకముందు పెరటిగోడపై నొక ముద్ద పెట్టి కాకిని పిలుచుచుండిరి. "ఆయన పేరు చెప్పి పెట్టినది తినుదానిని చంపెదరా?" అని ఆమె. "బిడ్డ కన్ను పోయిన నెవరు తెచ్చి యిత్తురు?" అని మేము. ఇరువురి మాటయు నిజమే.

చిన్ననాఁడు మా తండ్రిగారు మాచేత అమరకోశమును వల్లె వేయించినపుడు కాకికిఁ గల పేళ్ళలో 'బలిపుష్టము' అనునది యొకటి వచ్చెను. గృహస్థులు పెట్టు బలిచేతఁ బోషింపఁబడునది యని యర్థము. ఆనాఁడు అర్థము చెప్పి పాఠ మప్పగించితిమే గాని, అందులో నింతటి గృహరహస్యము కలదని తలంపలేదు. మెడ బూడిదవన్నెగా నుండు ఊరకాకి యడవిలో బ్రతుకునది కాదు. మనుష్యుల యిండ్లున్నచోటనే యుండును. (మేనెల్ల నలుపై, ముక్కు లావుగా నుండునది బొంతకాకి, అది వేఱు.) పందొమ్మిదవ శతాబ్ది చివర, ఊరి చెత్తను తినిపెట్టునని ఆఫ్రికా తూర్పుతీరమందలి జాంజిబారు దీవికి ఊరకాకులను గొనిపోయి విడిచిరి. అవి అక్కడినుండి తీరమెల్ల వ్యాపించి యచ్చటివారికి బెడదయైనవి. చెత్తకుఁ గొఱఁత లేనిచోట కాకికిని కొఱఁత లేదు. అట్లైన మా పెరటిలో మేము పెట్టుచున్న బలి యెంత?

ఈ ప్రశ్న తోఁచినపిమ్మట ఒక దినమంతయు వెనుక అరుగుపైఁ గూర్చుండి, కాకి వ్రాలినపుడెల్ల దేనికొఱకు వ్రాలెనో మావాని పలకమీఁద వ్రాసితిమి. సాయంకాలమునకు పలక నిండినది. అత్తగారి ముద్ద యొక్కసారియే. నూతికడ కడుగకుండ నుంచిన యంట్లగిన్నెలలోని మెతుకులకు ఎన్నియో మాఱులు. మూఁతలేని చెత్తబుట్టలోని కూరతొక్కలకు, పిల్లికి పోసిన పాలకు, ఆరఁబెట్టిన వడియములకు, తుదకు నూతిపళ్ళెముమీఁది సబ్బునకు! కాకి సబ్బు నెత్తుకొనిపోవుటఁ జూచి పూర్వము నవ్వుకొనెడివారము. నూనెయో క్రొవ్వో లేక సబ్బు కాదు గదా. దానికి అదియు భోజనమే. అత్తగారి ముద్దపై నేరము మోపిన మాకు ఆ పలకను ఆమెకుఁ జూపుటకు సిగ్గువేసినది. అయినను చూపితిమి.

మఱునాఁటినుండి అంట్లను నూతికడఁ బెట్టుటకుముందే మెతుకులు తీసి, గిన్నెలను నీటి తొట్టిలో ముంచి, పైన గంప బోర్లించుట మొదలుపెట్టితిమి. చెత్తబుట్టకు మూఁత కొని, పైన నొక ఱాయి పెట్టితిమి. కాకి తేలికమూఁతను ముక్కుతో నెత్తి ప్రక్కకుఁ ద్రోయఁగలదు. కూరతొక్కలను గుంటలో వేసినపుడెల్ల పైన దోసెఁడు మట్టి కప్పుచున్నాము. పిల్లి పాలు వంటయింటిలోనికి, సబ్బు మూఁతగల డబ్బీలోనికి మాఱినవి. వీనిలో నొక్కటియు కష్టమైన పని కాదు. ఒక్కటైనను మఱచినదినమున మాత్రము కాకి మనకంటెముందు కనిపెట్టును.

వడియములమాట కొంచెము వివరముగాఁ జెప్పవలసియున్నది; ఎండకాలమున సోదరీమణులకు కాకితోఁ గల తగవు ముఖ్యముగా దీనిగుఱించియే. వడియముల నడుమ ఎండుమిరపకాయలు గ్రుచ్చుట, నల్లగొడుగు తెఱచి పెట్టుట మన యమ్మమ్మల నాఁటినుండి వచ్చుచున్నవే. మిరపకాయ కాకి నోటికిఁ గారముగా తోఁపదు. మనకు నోరు మండించు గుణము పక్షుల నోటికిఁ దెలియదని శాస్త్రజ్ఞులు నిర్ధారించినారు. గొడుగు మొదటి రెండుదినములు పనిచేయును. మేము చేసినది యిది: ప్రాఁత నులకమంచమును నాలుగు కాళ్ళును పైకి వచ్చునట్లు తలక్రిందులు చేసి, నులకపై తడిబట్ట పఱచి వడియములు పెట్టి, నాలుగు కాళ్ళమీఁదుగా ప్రాఁత దోమతెరను బిగువుగాఁ గట్టి, అంచులను ఇటుకలతో నొత్తితిమి. తెర వడియములకు మూరెఁడు ఎత్తున నుండుటచే కాకి పైన వ్రాలినను ముక్కు అందదు. గాలియు నెండయు సోఁకును. ఊఱగాయముక్కలకును ఇదే యుపాయము. తెర కన్నులు సన్నముగా నుండవలెను, వ్రేలాడక బిగిసియుండవలెను. చేఁపలవలయు, నైలాను దారమును, గాలిపటముల మాంజాయు కట్టరాదు. వానిలో కాళ్ళును ఱెక్కలును చిక్కుకొని పక్షులు విలవిలలాడి చచ్చును. మా వీథిలో నొకరింట నట్లు చిక్కిన గోరువంకను కత్తెరతో విడిపించితిమి గాని అది మఱునాఁటికి దక్కలేదు.

బెదరించు సాధనములను గూడ పరీక్షింపక పోలేదు. ప్రాఁత సీడీలను త్రాటఁ గట్టి వ్రేలాడఁదీసితిమి. తళతళలకు వారముదినములు జంకి, పిమ్మట వానిప్రక్కనే కూర్చుండి ఱెక్కలు దువ్వుకొనసాగినవి. మావారి చినిఁగిన లాల్చీ తొడిగి గడ్డిబొమ్మను నిలిపితిమి. మూఁడవనాఁడు ఒక కాకి దాని భుజముపైఁ గూర్చుండి వడ తినెను. దీనివలన మావారికిఁ గొంత చిన్నతనమైనది. ప్రక్కయింటి కుఱ్ఱవాఁడు సెల్‌ఫోనులో కాకుల యాపదయఱపులు వినిపించెను. ఊరికాకులన్నియు వచ్చి చేరినవి! ఇట్టి వస్తువులను రెండుమూఁడు దినముల కొకసారి చోటు మార్చుచు, వడియములు ఎండువఱకు మాత్రమే వాడినచో కొంత మేలు. చచ్చినకాకిని కట్టి వ్రేలాడఁదీయు వాడుక మాత్రము మానవలసినది. 2021 జనవరిలో రాజస్థానము, మధ్యప్రదేశములందు కాకులు గుంపులుగాఁ జచ్చి, పక్షులజ్వరము బయటఁబడినది. చచ్చినకాకులు పెక్కు కనఁబడినయెడల వట్టిచేతులతో ముట్టక పశువైద్యశాలకుఁ దెలుపవలెను.

ఇఁక గూటిమాట. మా వేఁపచెట్టుమీఁది గూడు పుల్లలును, ఇనుపతీఁగె ముక్కలును కలిపి యల్లినది. ఊరకాకి సామాన్యముగా మూఁడునుండి అయిదువఱకు గ్రుడ్లు పెట్టును. పొదుగుటకు పదాఱు పదునేడు దినములు. పిల్లలు ఎగురుటకు మఱి మూఁడు నాలుగు వారములు. కాకి మనుష్యుని నెత్తిపై తన్నుట ముఖ్యముగా ఈ కడపటి వారములందే. మనపై పగయని యనుకొందుము గాని, మా పిల్లవాని నెవరేని సమీపించిన మేమును ఊరకుందుమా? అందులోను ఆ గూటిలోనివన్నియు దాని పిల్లలు కాకపోవచ్చును. కోకిల తన గ్రుడ్డును కాకిగూటిలో పెట్టిపోవును గదా. అమరములో కోకిలకు 'పరభృత' మనియు, కాకికి 'పరభృత్' అనియుఁ బేళ్ళు. ఒకటి పరులచేఁ బెరుగునది, ఒకటి పరులను బెంచునది. చిన్ననాఁడు ఈ రెంటిని తాఱుమాఱు చేసి మా తండ్రిగారిచేత మొట్టికాయ తిన్నందున నేఁటికిని మఱపు రాలేదు.

గూడు పడఁగొట్టుట వలదని శిష్యులకుఁ జెప్పుటకు కరుణ యొక్కటియే కారణము కాదు. అమెరికాలోని సియాటిల్ నగరమున, విశ్వవిద్యాలయమునకుఁ జెందిన జాన్ మార్జ్‌లఫ్ అను పండితుఁడు 2006లో తన వారితోఁ గూడి, ఒక వికృతమైన ముసుగు ధరించి ఏడు కాకులను పట్టి గుఱుతులు కట్టి విడిచెను. పిమ్మట ఏండ్లు గడచినను ఆ ముసుగు కనఁబడినపుడెల్ల కాకులు వెంటఁబడి యఱచినవి. పట్టువడని కాకులును వీనిఁ జూచి నేర్చుకొన్నవి. అవి ఆ దేశపు జాతి. అయినను, మన యూళ్ళలో కాకిగూటిజోలికిఁ బోయినవానిని అవి నెలలతరబడి వీథిలో వెదకి తన్నుట యెవరు చూడలేదు? వెదురుగడ పట్టినవాఁడు మా పిల్లవానితో గూడఁ దిరుగువాఁడేయైన నేమగునో ఆలోచింపుఁడు.

విషముమాట యంతకంటె ఘోరము. అది కాకితో నాఁగదు. పిల్లి తినవచ్చును, కుక్క తినవచ్చును, గోడక్రిందఁబడిన వడముక్కను ఇరుగుపొరుగు బిడ్డ నోటఁ బెట్టుకొనవచ్చును. పశువుల నొప్పికి వాడిన డైక్లోఫెనాక్ అను మందు, కళేబరములను తిన్న రాఁబందులను తుడిచిపెట్టఁగా 2006లో దానిని పశువులకు వాడరాదని మన ప్రభుత్వము నిషేధించినది. మనము పెట్టినది ఎవరి కడుపునఁ జేరునో మనకే తెలియదనుటకు ఇంతకంటె దృష్టాంతమేల? 1972నాఁటి వన్యప్రాణి రక్షణ చట్టము కాకిని ఎలుకలతోఁబాటు హానికరజంతువుల పట్టికలోఁ జేర్చినది. 2022లో చట్టమును సవరించినపుడు ఆ పట్టికయే తీసివేయఁబడినది. మావారు ఈ సంగతి చెప్పినపిమ్మట పెద్దాయన వడలమాట యెత్తలేదు.

కావున ఆ నెల ఓపికపట్టితిమి. నూతికి వెనుకద్వారమునఁ బోవక ప్రక్కసందునుండి పోయితిమి. చెట్టుక్రిందఁ బోక తప్పనపుడు గొడుగు. మా చిన్నవానికి గంపయే కిరీటము. కాకి యెక్కువగా వెనుకనుండి వచ్చును. నిలిచి దానివంక మొగము త్రిప్పినచో తఱచు మరలిపోవును. ఒకనాఁడు ఎగురలేని పిల్ల క్రిందఁబడియుండఁగా, మేము గొడుగు మాటున, పొడుగుపాటి గుడ్డ చుట్టిన చేతితో దానిని తీసి తక్కువయెత్తున నున్న కొమ్మపైఁ బెట్టితిమి. తల్లికాకి గొడుగుమీఁద తన్నినతన్ను నేఁటికిని చెవిలో మ్రోఁగుచున్నది.

పిల్లలు ఎగిరిపోయినపిమ్మట అత్తగారితో ముద్దమాట యెత్తుటకు మాకు ధైర్యము చాలకపోఁగా, ఆమెయే యెత్తిరి. పలకను చూచిననాఁడే ఆలోచించుకొనిరఁట. "పెరటిగోడకే రావలెనని పితరులకు నియమమా?" అనిరి. ప్రతిదినపు ముద్ద ఇప్పుడు వాకిట పాలు పితుకు ఆవునకుఁ బోవుచున్నది. అమావాస్యకును, మామగారి తిథికిని ఆమె విస్తరాకులో అన్నము కట్టుకొని కాలువగట్టున రావిచెట్టుకడకుఁ బోయి పెట్టి వత్తురు. తొలినెల మా గోడమీఁదికి కాకులు మధ్యాహ్నమున వచ్చి వంటయింటివంక చూచుచుఁ గూర్చుండెడివి. ఆమె కిటికీకడ నిలిచి కన్నీరు తుడుచుకొనుచుండఁగా మేము చూచియు చూడనట్లుంటిమి. ఇరువదికిఁ దక్కువ కాని కాకులు రెండు నెలలకు నాలుగైదైనవి.

కాకులు లేనిసమయమునఁ గదా చెట్టు చూచుకొనవలెను! 2024లో మాఘమాసమున, క్రొత్తగూడు కట్టకముందే, నూతిపైకి వ్రాలిన వేఁపకొమ్మలను రెంటిని కొట్టించితిమి. ఆ వైశాఖమున అవి ప్రక్కయింటి పెద్దాయనగారి చింతచెట్టుమీఁదఁ గూడు కట్టినవి. ఆయన పొద్దున్నే వచ్చి వాకిట నిలిచి మావారితో లోకాభిరామాయణము చాలసేపు చెప్పి, వెళ్ళునపుడు మెల్లగా మా గొడుగును అరువడిగి తీసికొనిపోయిరి.