రెండు కోటాల నడుమ

ఆడే పిల్లలకూ ఆడించే గురువులకూ ఉక్కు నగరంలో కొదవలేదు. ఆట చుట్టూ ఎన్ని కొలువులున్నాయో తెలిసినవాళ్లను అడగడమే భిలాయ్ విద్యార్థులకు ఇంకా అలవాటు కాలేదు

భిలాయ్‌లో పిల్లల చదువు గురించి మాటొస్తే ‘కోటా’ అన్న పదం దొర్లకుండా ఉండదు. మార్కులు బాగా వస్తే రాజస్థాన్‌లోని కోటా, లేదా ఊళ్లోనే ఉన్న ఐఐటీ కోచింగ్ కేంద్రం. పుస్తకం కన్నా బంతి మీద ధ్యాస ఎక్కువైతే స్పోర్ట్స్ కోటా. ఉక్కు కర్మాగారంలో పనికని శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వచ్చి ఇక్కడి సెక్టార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాల లెక్కా ఇదే. తాత కొలిమి దగ్గర పనిచేశాడు, తండ్రి ప్లాంటు ఆఫీసులో చేరాడు. మనవరాలు బాస్కెట్‌బాల్ ఆడతానంటే ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న, ‘రైల్వేలో ఉద్యోగం వస్తుందా?’

ఆ ప్రశ్నను తీసిపారేయడానికి లేదు. ఈ ప్రాంతపు క్రీడాచరిత్రలో సగం దాని చుట్టూనే తిరిగింది. 1993-98 మధ్య 21 టెస్టులాడిన ఆఫ్‌స్పిన్నర్ రాజేష్ చౌహాన్‌కు ఉక్కు కర్మాగారం ఉద్యోగమిచ్చింది. 1997లో కరాచీ వన్డే చివరి ఓవర్లో సక్లైన్ ముస్తాక్ బంతిని సిక్సర్‌గా మలిచింది ఆయనే. పక్కనున్న దుర్గ్‌లో పెరిగిన సబా అంజుమ్ 2002 కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచిన హాకీ జట్టులో ఆడారు. తర్వాత భారత జట్టు కెప్టెన్ అయ్యారు, రాష్ట్ర పోలీసు శాఖలో డీఎస్పీ హోదా పొందారు. ఇక కర్మాగారం ఉద్యోగిగానే ఉంటూ బాస్కెట్‌బాల్ కోచ్‌గా పేరు తెచ్చుకున్న రాజేష్ పటేల్ ఛత్తీస్‌గఢ్ మహిళల జట్టును దేశంలోని మేటి జట్లలో ఒకటిగా నిలబెట్టారు. ఆయన శిష్యురాళ్లలో చాలామంది రైల్వే ఉద్యోగాల్లో కుదురుకున్నారు. 2018లో ఆయన మరణించారు. ఆయన శిష్యురాళ్ల దృష్టిలో కోచ్, దరఖాస్తు నింపించే గుమాస్తా, ఉద్యోగ సలహాదారు అన్నీ ఆయనే.

అయితే బాస్కెట్‌బాల్ జట్టులో ఉండేది పన్నెండు మంది. మరి పదమూడో అమ్మాయి సంగతేమిటి?

స్పోర్ట్స్ కోటా ఆమెను పట్టించుకోదు. ఆ కొలువు నడిచేది సర్టిఫికెట్ మీద. కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం అంతర్జాతీయ పోటీలకు ఫారం-1, జాతీయ పోటీలకు ఫారం-2, అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు ఫారం-3, పాఠశాలల జాతీయ పోటీలకు ఫారం-4. ఒక్కోదాని మీద సంతకం చేయాల్సిన అధికారి ఒక్కొక్కరు. పదేళ్లు రోజూ ప్రాక్టీసుకు వచ్చినా జట్టులో చోటు దక్కకపోతే ఆ కాగితం చేతికి రాదు. పైగా ఒకప్పుడు వేలాది మందికి పని కల్పించిన కర్మాగారంలో సిబ్బంది సంఖ్య ఏటేటా తగ్గుతూ వచ్చింది.

పదమూడో అమ్మాయికి పనికొచ్చే కథ మరో ఉక్కు నగరంలో మొదలైంది. రాజమండ్రిలో పుట్టిన జి.ఎస్. లక్ష్మి పెరిగింది జంషెడ్‌పూర్‌లో. తండ్రి అక్కడి టాటా వాహనాల కర్మాగారంలో ఉద్యోగి. పదో తరగతి మార్కులతో కాలేజీ సీటు కష్టమైనప్పుడు ఆమె బౌలింగే గట్టెక్కించింది. తర్వాత రైల్వే ఉద్యోగం, దేశవాళీ క్రికెట్. భారత జట్టు తరఫున మ్యాచ్ ఆడే అవకాశం మాత్రం రాలేదు. మామూలుగా అయితే కథ అక్కడితో ముగియాలి. కానీ 2008-09లో దేశవాళీ మహిళల మ్యాచ్‌లకు మహిళా రిఫరీలను నియమించాలని బీసీసీఐ నిర్ణయించినప్పుడు ఆమె ఆ పనిలో చేరారు. 2019 మేలో ఐసీసీ మ్యాచ్ రిఫరీల ప్యానెల్‌లో చోటు పొందిన తొలి మహిళ అయ్యారు. అదే ఏడాది డిసెంబర్‌లో యూఏఈలో పురుషుల వన్డేకు రిఫరీగా వ్యవహరించారు. అంతకుముందు ఏ మహిళా ఆ పని చేయలేదు.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఇలాంటి అవకాశాల కబురు ముందుగా చేరేది మైదానంలో ఉన్నవాళ్లకే. వాళ్లతో నాలుగు మాటలు కలిపే అలవాటున్న విద్యార్థికి ఆ కబురు అందుతుంది, ఐఐటీ ర్యాంకుల పట్టికల్లో మునిగినవాడికి అందదు.

భిలాయ్‌కి ఆ మాటలు కలిపే వీలు ఇప్పుడు గతంలోకన్నా ఎక్కువే. ఛత్తీస్‌గఢ్ క్రికెట్ సంఘానికి 2016లో బీసీసీఐ పూర్తి సభ్యత్వం దక్కింది, 2016-17 సీజన్ నుంచి రాష్ట్ర జట్టు రంజీ ఆడుతోంది. 2023 జనవరిలో నయా రాయ్‌పూర్ స్టేడియంలో భారత్-న్యూజిలాండ్ రెండో వన్డే జరిగింది. ఐపీఎల్‌లో పేరు తెచ్చుకున్న శశాంక్ సింగ్ భిలాయ్‌లోనే పుట్టాడు. రంజీ మ్యాచ్‌కు వచ్చే ఒక్కో జట్టు వెంట కోచ్, ఫిజియో, ట్రైనర్, వీడియో అనలిస్ట్ ఉంటారు. మైదానంలో క్యూరేటర్, స్కోరర్లు, అంపైర్లు, రిఫరీ. వీళ్లలో ఎవరూ సినిమా తారలు కారు. టీ విరామంలో పలకరిస్తే పలుకుతారు.

చిక్కల్లా విద్యార్థులు అడిగే తీరులోనే ఉంది. ‘సార్, ఏదైనా ఉద్యోగం ఇప్పించండి’ అంటే ఎదుటివాడు ఫోన్ చూసుకుంటాడు. ‘మీరు ఏం చదివారు? మొదటి మ్యాచ్‌కు ఎంత ఇచ్చారు? మ్యాచ్‌లు లేని నెలల్లో ఎలా నెట్టుకొస్తారు?’ అని అడిగితే పది నిమిషాలు కూర్చోబెట్టి చెబుతాడు. ఫిజియోథెరపీ డిగ్రీ లేకుండా ఫిజియో కావడం కుదరదని, కోచ్ కావాలంటే 1961లో మొదలైన పటియాలా జాతీయ క్రీడా సంస్థ డిప్లొమాకు విలువుందని, అంపైర్ కావాలంటే ముందు రాష్ట్ర సంఘం పరీక్ష గట్టెక్కాలని, గ్వాలియర్‌లోని లక్ష్మీబాయి సంస్థలో వ్యాయామ విద్య చదవొచ్చని అప్పుడే తెలుస్తుంది. కంప్యూటర్ సైన్స్ చదివే కుర్రాడికి వీడియో అనలిస్ట్ పని తన డిగ్రీకి ఎంత దగ్గరో కూడా.

తల్లిదండ్రుల భయాన్నీ కొట్టిపారేయలేం. ఈ కొలువుల్లో చాలావరకు కాంట్రాక్టువే. సీజన్ ముగిస్తే జీతమూ ముగియవచ్చు. ప్లాంటు క్వార్టర్, ప్లాంటు ఆస్పత్రి, ప్లాంటు బడి నీడలో పెరిగిన కుటుంబానికి ఇది ఉద్యోగంలాగే కనిపించదు. అందుకే ఆ ప్రశ్నల్లో జీతం ప్రశ్న తప్పక ఉండాలి. అడగడానికి పిల్లలు మొహమాటపడితే వెంట వెళ్లిన తండ్రి అడిగినా తప్పులేదు.

పదమూడో అమ్మాయి మొదలుపెట్టడానికి రాయ్‌పూర్ దాకా కూడా పోనక్కర్లేదు. ప్రతి బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కూ కోర్టు పక్కన టేబుల్ దగ్గర నలుగురు కూర్చోవాలి. స్కోరర్, సహాయ స్కోరర్, టైమర్, షాట్ క్లాక్ చూసేవారు. సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక ఆ టేబుల్ దగ్గరకెళ్లి, స్కోరు షీటు ఎలా రాస్తారో నేర్పమని అడిగితే చాలు.