ఆ అర నిమిషం ఎక్కడ దాగుంటుంది?

విజయవాడ స్టేషన్‌లో ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద రైలు కోసం ఎదురుచూస్తున్నారనుకోండి. ముందున్న జనం పక్కకి తప్పుకుని దారి ఇస్తున్నారు. ఆ దారిలో నడిచి వస్తున్నది గాయని పి. సుశీల గారు. మీ చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి. ఆవిడ కూడా చేతులు జోడించి, చిన్నగా నవ్వి, రైలెక్కేశారు. మొత్తం అర నిమిషం. అంతకుముందు గంటసేపు అక్కడ ఏం చేశారో వారం తిరిగేసరికి మరిచిపోతారు. ఈ అర నిమిషాన్ని మాత్రం మనవలకి కూడా చెబుతారు. మెదడు దీన్ని అంత గట్టిగా ఎలా పట్టుకుంటుంది?

మనిషిని గుర్తించే కణాలు

మూర్ఛవ్యాధికి శస్త్రచికిత్స చేసే ముందు, మూర్ఛ మెదడులో ఎక్కడ మొదలవుతోందో తెలుసుకోవడానికి కొందరు రోగులకు సన్నని ఎలక్ట్రోడ్లు అమరుస్తారు. వాటితో ఒక్కొక్క నాడీకణం స్పందననీ నమోదు చేయవచ్చు. ఇలా పరిశీలించిన రోడ్రిగో కిరోగా, ఇత్జాక్ ఫ్రైడ్ బృందం 2005లో ‘నేచర్’ పత్రికలో ఒక ఆశ్చర్యకరమైన సంగతి ప్రకటించింది. ఒక రోగి మెదడులోని ఒక కణం హాలీవుడ్ నటి హాలీ బెరీ ఫొటోలకు స్పందించింది. క్యాట్‌వుమన్ వేషంలో ముసుగుతో ఉన్నా, గీసిన బొమ్మ చూపినా, పేరు అక్షరాల్లో చూపినా అదే స్పందన! అంటే ఆ కణం పట్టుకున్నది ముఖాన్ని కాదు, మనిషిని. అలాగని ఒక్కో మనిషికి ఒక్కటే కణం ఉండదు, కొన్ని కణాలు కలిసి ఆ పని చేస్తాయి.

సుశీల గారిని మీరు చూడటం అదే మొదటిసారి కావచ్చు. ఏళ్ల తరబడి రేడియోలో ఆవిడ పాట విన్న మీ మెదడుకి ఆవిడ కొత్త కాదు.

ఒక్క చూపుతో ముడి

2015లో ఇదే పరిశోధకులు మటియాస్ ఐసన్‌తో కలిసి మరో అడుగు వేశారు. రోగులకు ఒక ప్రసిద్ధ వ్యక్తినీ, ఒక ప్రసిద్ధ కట్టడాన్నీ విడివిడిగా చూపారు. వ్యక్తికి స్పందించిన కణం కట్టడాన్ని పట్టించుకోలేదు. తర్వాత ఆ వ్యక్తి కట్టడం ముందు నిలుచున్నట్టు కూర్చిన ఫొటో చూపారు. ఆ జత మనసుకెక్కగానే, కట్టడం ఒక్కటే కనిపించినా ఆ కణం స్పందించసాగింది. కొన్నిసార్లు ఒక్కసారి చూపితేనే సరిపోయింది. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద అడుగు పెట్టగానే ఆ నవ్వు గుర్తుకు రావడం వెనక ఉన్నది ఇలాంటి ముడే.

ఆ ముడిని బిగించేది ఉద్వేగం. గుండె దడదడలాడుతున్నప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. మెదడులో అమిగ్డలా అనే భాగం చురుకై, జ్ఞాపకాలు కూర్చే హిప్పోక్యాంపస్‌ను ప్రభావితం చేస్తుంది. 1994లో లారీ కాహిల్, జేమ్స్ మెక్‌గా బృందం కొందరికి అడ్రినలిన్ ప్రభావాన్ని అడ్డుకునే ప్రొప్రనొలాల్ మాత్ర ఇచ్చి, మనసు కదిలించే కథ చెప్పింది. వారం తర్వాత అడిగితే, ఆ మందు వేసుకోనివారికి బాగా గుర్తున్న ఉద్వేగభరితమైన ఘట్టాలు వీళ్లకు అంతగా గుర్తులేవు.

చెప్పగా చెప్పగా

గట్టిగా నిలిచినంత మాత్రాన జ్ఞాపకం మారకుండా ఉండదు. 2002లో క్యాథరిన్ బ్రాన్, ఎలిజబెత్ లాఫ్టస్ తదితరులు కొందరికి ఒక నకిలీ ప్రకటన చూపారు. డిస్నీల్యాండ్‌లో బగ్స్ బన్నీ అనే కార్టూన్ కుందేలుతో కరచాలనం చేసినట్టు అందులో ఉంది. తర్వాత వారిలో సుమారు 16 శాతం మంది, చిన్నప్పుడు తామూ అక్కడ దాన్ని కలిశామన్నారు. నిజానికి బగ్స్ బన్నీ వార్నర్ బ్రదర్స్ వారి పాత్ర. డిస్నీ వారి డిస్నీల్యాండ్‌లో కనిపించే అవకాశమే లేదు.

మన విషయంలోనూ అంతే. పదేళ్లు చెప్పాక ఆ నవ్వు పలకరింపవుతుంది. ఇరవై ఏళ్లకు ఆవిడ మన పేరు కూడా అడిగి ఉంటారు! మనం అబద్ధమాడటం లేదు. తలచుకున్న ప్రతిసారీ మెదడు ఆ జ్ఞాపకాన్ని మళ్లీ అల్లుతుంది, విన్నవీ ఊహించినవీ ఆ అల్లికలో కలిసిపోతాయి.

అందుకే, అలాంటి అదృష్టం కలిగిన రోజు రాత్రే తేదీ, చోటు, చూసింది చూసినట్టు రాసి పెట్టుకోండి. మనం గౌరవించే మనిషి నోట అనని మాట పెట్టకుండా ఉండటం కూడా ఆ నమస్కారంలో భాగమే. ఆవిడ ఏమీ అనలేదు, నవ్వారు. అది చాలదూ?